ఆలస్యంగా వచ్చిన పావురం



ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున సండేస్కూలు పిల్లలు ఒక పావురాన్ని పట్టుకొచ్చారు. మందిరం వెనుక నీళ్ళ తొట్టి దగ్గర దొరికిందట. రెక్క వేలాడేసుకొని ఉంది. ఒక కాలికి నంబరున్న రింగు, రెండో కాలికి రబ్బరు రింగు. మా ఊళ్ళో పావురాలు పెంచే తమ్ముడు చూసి, "ఇది చెన్నై పందెం పావురం అయ్యగారూ, దారి తప్పింది" అన్నాడు.

ఆ పందెం సంగతి నాకు అంతకుముందు తెలియదు. చెన్నైలో పావురాల పందేలు నడిపే క్లబ్బులు ఉన్నాయి. పావురాలను బుట్టల్లో పెట్టి బండి మీద ఉత్తరానికి తీసుకొస్తారు. మన కోస్తా ఊళ్ళ నుంచి కొన్ని పందేలు, ఇంకా పైనుంచి కొన్ని. పొద్దున్నే అన్నిటినీ ఒక్కసారి వదిలితే, ఏ గూటి పావురం ఆ గూటికి పోవాలి. ఒక్కో ఇల్లు ఒక్కో దూరంలో ఉంటుంది గనుక నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో లెక్కగట్టి గెలుపు తేలుస్తారు. మంచి పావురం 500 కిలోమీటర్లు ఒక్క పగటిలో వచ్చేస్తుంది. అయితే ఇంటి కప్పు మీద వాలితే లెక్కలోకి రాదు. గూటి లోపలికి వచ్చినప్పుడే వచ్చినట్టు.

రానివి ఎందుకు రావు? డేగ తరుముతుంది. కరెంటు తీగ కోస్తుంది. ఎదురుగాలి, వాన, దాహం. తప్పిపోయినవన్నీ చేతకానివని అనుకోవద్దు. 1997 జూన్ 29న ఫ్రాన్సులోని నాంత్ నుంచి ఇంగ్లండు గూళ్ళకు 60,000కు పైగా పావురాలను వదిలారు. అక్కడి పందేల సంఘానికి నూరేళ్ళు నిండిన సందర్భమది. చీకటిపడే సరికి చేరినవి కొద్దివేలు మాత్రమే. ఆ పొద్దున ధ్వని కంటే వేగంగా పోయే కాంకార్డ్ విమానం ఆ దారికి అడ్డంగా వెళ్ళిందనీ, దాని చప్పుడు దెబ్బకు అవి దిక్కు తప్పి ఉంటాయనీ జాన్ హాగ్‌స్ట్రమ్ అనే అమెరికా భూశాస్త్రవేత్త తర్వాత ఒక వివరణ ఇచ్చాడు. అది ఎంతవరకు నిజమైనా, అన్ని వేల పావురాలు ఒక్క రోజే సోమరివి అయిపోవు గదా!

మా తమ్ముడు రింగు నంబరు పట్టుకొని వాట్సాప్ గ్రూపుల్లో అడిగి, మూడో రోజుకు యజమానిని కనుక్కున్నాడు. నేనే ఫోన్లో మాట్లాడాను. తమిళం కలిసిన తెలుగులో ఆయన అడిగిన మొదటి మాట, "నీళ్ళు తాగిందా అయ్యా?" రెండోది, "రెక్కకు దెబ్బ తగిలిందా?" పందెం అయిపోయి అప్పటికే తొమ్మిది రోజులు. "జొన్నలు, శనగలు వేయండి. కోలుకున్నాక ఎండ బాగా ఉన్న పొద్దున వదలండి. వస్తే లోపలికి రానిస్తాను" అన్నాడు. అందరు యజమానులూ ఇలా ఉండరట. ఆలస్యంగా వచ్చిన దాన్ని అమ్మేసేవాళ్ళు, మెడ తిప్పేసేవాళ్ళు కూడా ఉన్నారని తమ్ముడు చెప్పాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన సంఘంలో బాప్తిస్మం పొంది, బేల్దారి పనికి హైదరాబాదు పోయిన ఒక తమ్ముడున్నాడు. అక్కడ తాగుడు పట్టుకుంది. నాలుగేళ్ళు మందిరం ముఖం చూడలేదు. కిందటి ఏడు ఒక ఆదివారం వచ్చి, చెప్పులు విడిచే చోట, గుమ్మం పక్కనే కూర్చున్నాడు. నేను మైకులో, "ఇన్నాళ్ళకు మేము గుర్తొచ్చామా తమ్ముడూ?" అన్నాను. అందరూ నవ్వారు. ప్రభువు బల్లకు ముందే లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఎవరినో అనడం లేదు, నా తప్పే చెప్పుకుంటున్నాను. పావురాన్ని అడిగిన పాటి మాట కూడా ఆ మనిషిని నేను అడగలేదు.

నోవహు పావురాన్ని జ్ఞాపకం చేసుకోండి. మొదటిసారి అది ఒలీవ ఆకు తేలేదు, ఏ శుభవార్తా తేలేదు. కాలు మోపే చోటు దొరకక ఉత్త ముక్కుతో తిరిగి వచ్చింది. నోవహు చెయ్యి చాపి దానిని లోపలికి తీసుకున్నాడు. ఆకు తెచ్చిన రోజు గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. చెయ్యి చాపిన రోజు గురించి ఎన్ని విన్నాం? లూకా సువార్త 15వ అధ్యాయంలో తండ్రి కూడా అంతే. ఎక్కడికి పోయావని అడగలేదు. పరుగెత్తాడు, ముద్దుపెట్టుకున్నాడు, వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు. లెక్కలు అడిగింది పెద్ద కొడుకు.

"అయితే సంఘంలో క్రమశిక్షణ వద్దా అయ్యగారూ?" అని పెద్దలు అడుగుతారు. కావాలి. పాపంలో కొనసాగేవాణ్ణి గద్దించాలి. కానీ కొరింథు సంఘం శిక్షించిన మనిషి విషయంలో పౌలు ఏమి రాశాడు? ఇక చాలు, క్షమించండి, ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు. శిక్ష ఎక్కడ ఆపాలో తెలియని సంఘానికి శిక్షించడం కూడా చేతకాదు. తిరిగి వచ్చినవాడు తాగుడు మానాలి, నిజమే. ఆ మాట భోజనం పెట్టాక, ఇంటికి పోయి, పక్కన కూర్చొని చెప్పవచ్చు. గుమ్మంలో, నలుగురి ముందు కాదు.

మనవాళ్ళు చాలామంది కప్పు మీదనే వాలి ఉన్నారు. క్రిస్మస్‌కు గేటు దాకా వస్తారు. తల్లి సమాధి దగ్గరికి వచ్చి మందిరం వైపు చూసి వెళ్ళిపోతారు. లోపల తమకు ఎలాంటి మాట ఎదురవుతుందోనన్న భయం వాళ్ళది. ఆ భయం మనం పెట్టిందే.

పావురాన్ని ఆరో రోజు పొద్దున వదిలాం. మందిరం మీద మూడు చుట్లు తిరిగి దక్షిణానికి మళ్ళింది. మర్నాడు సాయంత్రం ఆయన ఫోన్ చేసి, వచ్చిందని చెప్పాడు. చాలాసేపు కప్పు మీదనే కూర్చుందట. ఆయన గింజల డబ్బా ఆడిస్తూ నిలబడితే, చీకటి పడే వేళకు లోపలికి దిగిందట.

నేను ఆ తమ్ముడికి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. "నాది తప్పు తమ్ముడూ, క్షమించు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చూద్దాం అయ్యగారూ" అన్నాడు. ఇంకా రాలేదు. ఆయన కోసం ప్రార్థన చేయండి. మీ సంఘంలో కూడా అలాంటివాళ్ళు ఉంటే ఈ వారమే ఒక్కరికి ఫోన్ చేయండి. మొదట, అన్నం తిన్నావా అని అడగండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.