డబ్బాలో ఏముందో చూసేదెవరు?

ఈబే కథ పాడైపోయిన వస్తువుతో మొదలైందని మీకు తెలుసా? 1995లో పియెర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఒక చిన్న వేలం సైట్ రాసుకున్నాడు. అప్పట్లో దాని పేరు ఆక్షన్‌వెబ్. అందులో తొలి అమ్మకం పనిచేయని లేజర్ పాయింటర్. 14.83 డాలర్లకు పోయింది! 'ఇది పాడైపోయింది, తెలుసు కదా?' అని అడిగితే, తను అలాంటివే సేకరిస్తానన్నాడట కొన్నాయన.

అమ్మేవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, కొనేవాడు నమ్మాడు. కానీ అన్ని బేరాలూ అంత సాఫీగా సాగవు కదా. అందుకే రూల్స్ వచ్చాయి. ఇప్పుడు ఆ రూల్స్ గురించే అమ్మేవాళ్లు తలపట్టుకుంటున్నారు.

ఈబే ఇండియా సైట్ 2018లో మూతపడింది కాబట్టి మనలో చాలామందికి ఈ గొడవ కొత్త. అమెరికాలో ఉన్న మనవాళ్లనడగండి, చెప్తారు. ఫోన్ మార్చినా, ఇల్లు మారినా పాత సామాను అమ్ముకోవడానికి అక్కడ గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి.

అక్కడి మనీ బ్యాక్ గ్యారంటీ సింపుల్‌గా ఇది. వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా, కొన్నవాళ్లు సాధారణంగా 30 రోజుల్లో కంప్లయింట్ పెట్టొచ్చు. అమ్మినవాళ్లకు మూడు పనిదినాల టైముంటుంది. ఆలోగా తేలకపోతే ఈబేని కల్పించుకోమని అడగొచ్చు. 'నో రిటర్న్స్' అని పెద్ద అక్షరాలతో రాసుకున్నా, 'చెప్పినట్టు లేదు' అన్న మాట ముందు అది నిలవదు. వెనక్కి పంపే ఖర్చు కూడా అమ్మినవాళ్లదే.

ఇప్పుడు ఒక సీన్ ఊహించుకుందాం. డాలస్‌లో మీ అన్నయ్య తన గ్రాఫిక్స్ కార్డ్ 400 డాలర్లకు అమ్మాడు. పది రోజుల తర్వాత 'పనిచేయట్లేదు' అని మెసేజ్. సరే, పంపించండి అన్నాడు. డబ్బా వచ్చింది. తెరిచి చూస్తే అదే మోడల్, కానీ వేరే కార్డు, ఎప్పుడో కాలిపోయినది. ట్రాకింగ్‌లో మాత్రం 'డెలివర్డ్' అనే ఉంటుంది. అప్పీల్ చేసుకునే దారి ఉంది. కానీ కార్డు మారిందని నిరూపించడం ఎలా? ఆ డబ్బా మూసినప్పుడు చూసినవాళ్లెవరూ లేరు.

అలాగని ఈ రూల్‌ని ఎత్తేయమనడం కుదరదు. జార్జ్ ఏకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సెకండ్ హ్యాండ్ కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ రాశాడు. కారులో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. ఆ భయంతో కొనేవాడు మంచి కారుకు కూడా తక్కువ రేటే ఇస్తానంటాడు. దాంతో మంచి కార్లున్నవాళ్లు మార్కెట్ నుంచి తప్పుకుంటారు, చివరికి డొక్కు కార్లే మిగులుతాయి. 2001లో ఆయనకు దక్కిన నోబెల్‌కు ఈ పనే ప్రధాన కారణం. కొనేవాళ్లకు గ్యారంటీ ఇచ్చేది ఆ భయం పోగొట్టడానికే. అది లేకపోతే ముక్కూ మొహం తెలీనివాళ్లకు మనం డబ్బు పంపుతామా?

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. అమ్మేటప్పుడు నిజం అమ్మేవాడి దగ్గరుంటుంది. రిటర్న్ దగ్గరికొచ్చేసరికి సీన్ రివర్స్! వస్తువుకు ఏమైందో, డబ్బాలో ఏం పెట్టారో కొన్నవాళ్లకే తెలుసు. గ్యారంటీ మొదటి సగానికే సరిపోయింది. రెండో సగంలో అమ్మినవాడు గుడ్డిగా నమ్మాల్సిందే. పైగా 2008 నుంచి ఈబేలో అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు నెగెటివ్ రేటింగ్ ఇవ్వలేరు. అమ్మేవాళ్లు కక్షగట్టి నెగెటివ్ ఇస్తున్నారని, ఆ భయంతో కొన్నవాళ్లు నిజం రాయట్లేదని తెచ్చిన మార్పు అది. కారణం న్యాయమైనదే. కానీ కొన్నవాళ్లతో చేదు అనుభవాన్ని రేటింగ్‌లో చెప్పుకునే వీలు పోయింది.

సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నాకు కనిపించేది డిఫాల్ట్ వాల్యూ. ఇద్దరూ చెరో మాట చెప్తున్నారు, ప్రూఫ్ లేదు. అప్పుడు సిస్టమ్ ఏదో ఒక వైపు తేల్చాలి. ఈ సిస్టమ్ ఎక్కువగా మొగ్గేది కొన్నవాళ్ల వైపు. నెలకు వేల ఆర్డర్లు పంపే కంపెనీ ఆ నష్టాన్ని మిగతా అమ్మకాల మీద సర్దుకుంటుంది. ఏడాదికి ఒక వస్తువు అమ్మేవాడికి ఆ ఒక్కటే మొత్తం బిజినెస్. వస్తువు పోయె, డబ్బు పోయె, రిటర్న్ ఖర్చూ మీదపడె. అలాంటివాళ్లు ఒక్కసారి దెబ్బతింటే మళ్లీ అటువైపు రారు. ఏకర్‌లాఫ్ చెప్పిన కథే, మరో తలుపులోంచి మళ్లీ వస్తుంది.

పరిష్కారం మన గుమ్మం దగ్గరే ఉంది. ఫ్లిప్‌కార్ట్‌లో ఓపెన్ బాక్స్ డెలివరీ చూశారుగా? డబ్బా మన ముందే తెరిచి, సరిగ్గా ఉందని మనం ఓటీపీ చెప్పాకే చేతికిస్తారు. ఫోన్ రిటర్న్ ఇస్తుంటే వచ్చినతను ఐఎంఈఐ నంబర్ చూసి తీసుకెళ్తాడు. అక్కడ ఒక మూడో మనిషి కన్ను పడుతోంది. ఈబే కూడా ఖరీదైన వాచీలు, స్నీకర్ల లాంటి వాటికి 2020 నుంచి ఈ దారి పట్టింది. వస్తువు ముందు నిపుణుల దగ్గరికి వెళ్తుంది. రిటర్నయినా వాళ్ల చేతుల మీదుగానే, అదే వస్తువని చూశాకే వెనక్కొస్తుంది. మరి 400 డాలర్ల కార్డుకు? ప్రతిదానికీ చెకింగ్ పెడితే ఖర్చవుతుంది, నిజమే. కనీసం గొడవ పడిన వస్తువుకైనా, ఫీజు తీసుకునైనా, ఆ వీలు ఇవ్వొచ్చు కదా?

అది వచ్చేదాకా అమ్మేవాళ్లు చేయగలిగింది కొంతే. సీరియల్ నంబర్ కనిపించేలా ఫొటోలు తీయండి. ప్యాకింగ్‌ని కట్ లేకుండా వీడియో తీయండి. చిన్న గీత ఉన్నా లిస్టింగ్‌లో రాసేయండి. 750 డాలర్లు, ఆపైన ఉంటే డెలివరీకి సంతకం తప్పనిసరి చేయండి, లేకపోతే 'అందలేదు' అన్నప్పుడు ఈబే రక్షణ మీకు దొరకదు. ఇవన్నీ చేసినా గెలుస్తారన్న గ్యారంటీ లేదు. వీడియో మీరు పంపిన కార్డునే చూపిస్తుంది, వెనక్కొచ్చిన కార్డు గురించి ఏమీ చెప్పదు.

ఇక మనం కొనేవైపు ఉన్నప్పుడు ఒక్క మాట. నచ్చలేదంటే నచ్చలేదనే రాద్దాం. ఫ్రీ రిటర్న్ కోసం 'డిఫెక్ట్' అని టిక్ పెడితే, ఆ బిల్లు కట్టేది ఎక్కడో పాత ఫోన్ అమ్ముకుంటున్న మనలాంటివాడే కావచ్చు.