ముక్కును నమ్మితే ముప్పే: ధ్రువత్వం పాఠం పరీక్షకే పరిమితమా?

2014 జూన్ 12న భిలాయ్ ఉక్కు కర్మాగారంలోని ఒక పంపుహౌస్‌లో నీటి పీడనం పడిపోయి, బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు లీకైంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ ఆరుగురిని బలి తీసుకుంది. మృతుల్లో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. ఏళ్ల అనుభవం ఉన్నవారిని కూడా ఈ వాయువు ఎలా ఏమార్చగలుగుతుంది? జవాబులో కొంత భాగం ఇంటర్ రసాయనశాస్త్రంలోనే ఉంది.

రెండు వేర్వేరు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకున్నప్పుడు ఆ పంపకం సాధారణంగా సమానంగా ఉండదు. ఆకర్షణ ఎక్కువ ఉన్న పరమాణువు వైపు కొద్దిగా రుణావేశం, రెండో వైపు ధనావేశం చేరతాయి. ఇదే బంధ ధ్రువత్వం. దీన్ని కొలిచే ద్విధ్రువ భ్రామకం నీటికి 1.85 డిబైలు, అమోనియాకు 1.47 డిబైలు. రెండూ ధ్రువ అణువులే కాబట్టి ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షిస్తాయి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో దాదాపు 500 గ్రాముల అమోనియా కరుగుతుంది. కంటిలో, ముక్కులో ఉండే తడిలోనూ అలాగే కరిగి మంట పుట్టిస్తుంది. మనిషి వెంటనే పరుగు తీస్తాడు.

కార్బన్ మోనాక్సైడ్ తీరు వేరు. కార్బన్ కన్నా ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ల ఆకర్షణ చాలా ఎక్కువ కనుక ఇది బలమైన ధ్రువ అణువు కావాలి. కానీ దీని త్రిబంధంలో ఒక ఎలక్ట్రాన్ల జంటను ఆక్సిజనే ఇస్తుంది. లాక్కున్నదీ ఇచ్చినదీ దాదాపు సరిపోతాయి. మిగిలే భ్రామకం సుమారు 0.11 డిబైలే. అదీ కార్బన్ వైపే స్వల్ప రుణావేశంతో! అందుకే లీటరు నీటిలో ఇది 30 మిల్లీగ్రాములైనా కరగదు. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ముఖానికి తడి గుడ్డ కట్టుకోవడం అమోనియా లీకైతే కొంత పనికొస్తుందేమో గానీ, ఇక్కడ వృథా.

కార్బన్ మీద మిగిలిన ఎలక్ట్రాన్ల జంట మాత్రం రక్తంలోని హీమోగ్లోబిన్ ఇనుముకు అతుక్కుంటుంది. ఆ పట్టు ఆక్సిజన్ పట్టుకన్నా 200 రెట్లకు పైగా బలమైనది. ముందు తలనొప్పి, తల తిరుగుడు, తర్వాత స్పృహ తప్పడం. పడిపోయిన తోటి కార్మికుణ్ణి లేపడానికి శ్వాస పరికరం లేకుండా పరుగెత్తినవాడూ పక్కనే కూలిపోతాడు.

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం ద్విధ్రువ భ్రామకాన్ని అమోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌ల పోలికతో వివరిస్తుంది. పోలిక మంచిదే. కానీ భిలాయ్‌లోనో, విశాఖలోనో ఉక్కు కొలిముల నీడన చదువుకునే పిల్లలకు నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ జీవితంలో ఎదురుపడే అవకాశం తక్కువ. అమోనియా పక్కన కార్బన్ మోనాక్సైడ్‌ను నిలబెడితే అదే సూత్రం ప్రాణరక్షణ పాఠమవుతుంది. భిలాయ్ పక్కనే ఉన్న ఉతైలో పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్ శిక్షణ కేంద్రం ఉంది. కర్మాగారాలకు కాపలా కాయబోయే యువతీ యువకులకూ ఈ పోలిక ఒక్క గంటలో చెప్పవచ్చు.

గ్యాస్ డిటెక్టర్లు ఉండగా కెమిస్ట్రీ ఎందుకని కొందరు అడగవచ్చు. డిటెక్టర్లు తప్పనిసరి, సందేహం లేదు. అయితే అలారం మోగినప్పుడు వాసనేమీ రావడం లేదు కదా, మీటరే చెడిపోయి ఉంటుందిలే అనుకునే మనిషిని ఏ మీటరూ కాపాడలేదు. ముక్కు చెప్పనిదాన్ని మీటరు ఎందుకు చెబుతుందో తెలిసినవాడే దాన్ని నమ్ముతాడు.

ఈ ప్రమాదం కర్మాగారం గోడల లోపలే ఆగదు. ఛత్తీస్‌గఢ్ చలికాలంలో తలుపులు మూసి గదిలో బొగ్గుల సిగ్డీ పెట్టుకుని నిద్రపోయే ఇంట్లోనూ ఇదే అణువు పుడుతుంది. పొగ కనిపించనంత మాత్రాన గది క్షేమం కాదు. సిగ్డీని ఆరుబయట ఉంచమని ఇంట్లో పెద్దలకు చెప్పగలిగే విద్యార్థికి ధ్రువత్వం నిజంగా అర్థమైనట్టే.