కారుకి నిమ్మకాయ సరే, పాపకి సీటు ఏది?

కొత్త కారు కొనగానే మనవాళ్లు మొదట చేసే పని పూజ. కొబ్బరికాయ కొడతారు, గుమ్మడికాయతో దిష్టి తీస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. పంతులుగారి దక్షిణ దగ్గర ఎవరూ బేరమాడరు. అదే కారులో ఆరు నెలల పాపకి సీటు కొందామంటే మాత్రం "దండగ ఖర్చు, ఒళ్లో పెట్టుకుంటాం కదా" అంటారు. పాప బుగ్గ మీద దిష్టిచుక్క ఉంటుంది, నడుముకి మొలతాడు ఉంటుంది, ఉండవలసిన బెల్టు మాత్రం ఉండదు.

ఒళ్లో ఉంటే క్షేమం అన్నది కూడా దిష్టి లాంటి నమ్మకమే. లెక్క వేసి చూడండి. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకి దాదాపు 14 మీటర్ల చొప్పున వెళుతున్న కారు దేనినో గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. 10 కిలోల బిడ్డని ఆపి ఉంచడానికి దాదాపు 1,400 న్యూటన్ల బలం కావాలి. అంటే 140 కిలోల బరువుని ఎత్తి పట్టుకున్నంత. ఏ తల్లి చేతులకీ అంత బలం ఉండదు. ఇది ప్రేమ చాలకపోవడం కాదు, భౌతికశాస్త్రం. బిడ్డని కూడా తన బెల్టులోనే కలిపి కట్టుకోవడం మరీ ప్రమాదం. పెద్దవాళ్ల బరువంతా బిడ్డ మీద పడుతుంది.

"మా పిల్లలంతా ఒళ్లోనే తిరిగారు, ఏమయింది?" అనేది రెండో వాదన. జాతకం ఫలించిందని చెప్పేవాళ్ల వాదనా ఇలాంటిదే. ఏమీ కానివాళ్లే ఈ మాట అనగలరు, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు అనలేరు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ అంచనా ప్రకారం కారు సీటు వల్ల ప్రాణాపాయం ఏడాదిలోపు పిల్లలకి 71 శాతం, 1 నుంచి 4 ఏళ్ల పిల్లలకి 54 శాతం తగ్గుతుంది. ఇలాంటి లెక్క ఏ తాయెత్తు అయినా చూపించగలదా?

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లనే చూడండి. అక్కడ సీటు లేకుండా పసిబిడ్డని ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా తీసుకెళ్లరు. అదే బిడ్డని శంషాబాద్ విమానాశ్రయంలో దిగగానే అమ్మమ్మ ఒళ్లో కూర్చోబెడతారు. సముద్రం దాటితే న్యూటన్ సూత్రాలు మారతాయా?

సీటు కొంటే చాలదు, వాడడం తెలియాలి. పసిపిల్లల సీటు కారు వెనక వైపుకి తిరిగి ఉండాలి. పసిబిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, మెడ బలహీనం. వెనక్కి తిరిగి ఉంటే గుద్దుకున్నప్పుడు ఆ బలం వీపంతా పరుచుకుంటుంది. వ్యోమగాములు వీపు ఆనించి ప్రయాణించే పద్ధతి చూసి 1960లలో స్వీడన్ ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ ఇలాంటి సీటు తయారు చేశాడు. ఐక్యరాజ్యసమితి ఆర్ 129 ప్రమాణం ప్రకారం 15 నెలలు దాటేవరకు ఇలాగే ఉంచాలి. సీటు కొలతలు అనుమతించినంత కాలం ఇలాగే ఉంచమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో చెప్పింది. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో దీన్ని ఎప్పుడూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బ నేరుగా బిడ్డ తల వెనకే తగులుతుంది.

బెల్టు బిగించాక భుజం దగ్గర పట్టీ వేళ్ల మధ్యకి మడత పడకూడదు. కింద పట్టుకుని కదిపితే సీటు అంగుళానికి మించి జరగకూడదు. లావు స్వెట్టరు తొడిగి బెల్టు పెట్టకండి. కొనేటప్పుడు ధర కాదు, ప్రమాణం ముద్ర చూడండి. ప్రమాదానికి గురైన పాత సీటు ఉచితంగా ఇచ్చినా వద్దు.

చట్టం కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194 బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకపోతే 1,000 రూపాయల జరిమానా. అమలు చేసేవాళ్లు ఎందరో మీకు తెలుసు.

కారు లేనివాళ్ల సంగతేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆటోలో, బైకు మీద వెళ్లే కుటుంబాలకి ఈ సీటు పనికిరాదు. వాళ్లకి కావలసింది మంచి బస్సులు, అదుపులో ఉండే వేగం. వాటిని ప్రభుత్వాన్ని అడగాలి. కానీ లక్షలు పోసి కారు కొన్నవాళ్లకి ఆ సాకు లేదు.

"రాసిపెట్టి ఉంటే ఎవరు ఆపగలరు?" అనే పెద్దలకి ఒక్క ప్రశ్న. మరి రాత్రి తలుపుకి గడియ ఎందుకు పెడుతున్నారు? దొంగ విషయంలో నమ్మని తలరాతని పసిబిడ్డ విషయంలో నమ్మడం ఏం న్యాయం? పూజ చేసుకునేవాళ్లు చేసుకోండి. కారు కదిలే ముందు మాత్రం పాపకి బెల్టు పెట్టండి.