బెల్టునకు రెండు చుట్లు

గత నెల తిరుపతిలో పెండ్లికి పోవలసి యుండి, హోసూరులో మా పాత డీజిలు కారునకు టైమింగు బెల్టు మార్పించినాము. బెల్టు ఎక్కించగానే, "ఇక స్టార్టు చేయి మేస్త్రీ, వేళ మించుచున్నది" అని తొందరపెట్టినాము.

"ఉండండి సార్, చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాల" అన్నాడు.

ఈ పండ్ల బెల్టే క్రాంకును, క్యామును జతగా త్రిప్పును. క్రాంకు రెండు చుట్లు తిరిగిన క్యాము ఒక చుట్టు తిరుగును. అప్పుడు గుర్తులన్నీ మరల తమ చోటికి రావలెను. మేస్త్రీ స్పానరుతో, ఇంజను తిరుగు దిక్కుననే, మెల్లగా త్రిప్పినాడు. క్యాము గుర్తు ఒక పన్ను తప్పియున్నది!

బెల్టు వదులైన పండ్లు దాటును. డీజిలు ఇంజనులో పిస్టనుకు, వాల్వునకు నడుమ ఎడము మిక్కిలి తక్కువ. వరుస తప్పినచో రెండును ఢీకొని వాల్వులు వంగును. మరీ బిగించినచో బెల్టు కూత పెట్టును, బేరింగులు అరుగును. ఇంజను వేడెక్కినప్పుడు వ్యాకోచించి బెల్టు ఇంకను బిగియును గనుక, బిగువును చల్లని ఇంజను మీదనే చూడవలెను. వ్రేళ్లతో మెలిపెట్టి చూచుట పాత అలవాటు. ఆ ఇంజను పుస్తకములోని కొలతయే ప్రమాణము. త్రిప్పునప్పుడు చేతికి అడ్డు తగిలినచో బలవంతము చేయరాదు.

మేస్త్రీ బెల్టు విప్పి, సరిగా నమర్చి, మరల రెండు చుట్లు త్రిప్పినాడు. గుర్తులు కలిసినవి. గంట ఆలస్యమైనను ముహూర్తమునకు అందినాము.

ఆఫీసులో కూడిక రెండవమారు చూడనిదే మేము సంతకము చేయము. కారు దగ్గర ఆ బుద్ధి మరచితిమి. మీరు మరువకుడు.