తాడ్వాయిలో వత్తు ఏమైంది?

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాను వానలు ముంచెత్తాయి. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. తాడ్వాయిలో చదివే మీరు ఆ వాన లెక్కలతో కంప్యూటరు మీద కమ్మీ చిత్రం గీస్తున్నారనుకుందాం.

పైథాన్ భాషలో ఇందుకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే సాధనం వుంది. మెదడులోని విద్యుత్ సంకేతాలను పరిశీలించడానికి జాన్ హంటర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు దీన్ని తయారుచేశాడు. 2003లో అందరికీ ఉచితంగా అందించాడు. దానితో కమ్మీలు చక్కగా వస్తాయి. గాని ఊరి పేర్లుండవలసిన చోట ఖాళీ గళ్లు కనిపిస్తాయి! ఎందుకని? అది మామూలుగా వాడే డెజావు సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు.

సరే, నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టారు. అక్షరాలు వచ్చాయి. ఐతే ‘తాడ్వాయి’లో డ కింద వుండవలసిన వత్తు లేదు, వ పక్కన పూర్తి అక్షరంగా నిలబడింది! కారణం చూడండి. కంప్యూటరు ఈ పేరును త, దీర్ఘం, డ, పొల్లు, వ, దీర్ఘం, య, గుడి అని ఎనిమిది సంకేతాలుగా దాచుకుంటుంది. వీటిని కలిపి వత్తులు, గుణింతాలు కట్టే పని వేరే వుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా ఏళ్లపాటు ఆ పని చేయకుండా, ఇంగ్లీషులో లాగే ఒక గుర్తు పక్కన మరొక గుర్తు పేర్చుకుంటూ పోయింది. కామారెడ్డికీ, ఎల్లారెడ్డికీ ఇదే గతి పట్టింది.

“ఇంత తంటా దేనికి? ఇంగ్లీషులో రాస్తే పోలేదా?” అని మీలో కొందరనవచ్చు. నేను ఒప్పుకోను. గ్రాఫుకు పేర్లు అలంకారం కాదు. ‘40’ అని మాత్రమే రాస్తే ఏం తెలుస్తుంది? 40 మిల్లీమీటర్లయితే ఓ మంచి వాన; 40 సెంటీమీటర్లయితే వరద. ఆ తేడా చెప్పేది పక్కనున్న మాటే. ఆ మాట అందవలసింది ఊళ్లోని రైతుకూ, చెరువు కట్ట కాపాడవలసిన వారికీ. వారు చదవలేని గ్రాఫు ఎంత అందంగా వుంటే మాత్రం ఏం లాభం?

కాబట్టి పేర్లు విరిగితే మీ భాషలో లోపముందనుకోకండి. లోపం సాధనంలో వుంది. దాని లోపలి రాత అందరికీ తెరిచే వుంది గనుక లోపాన్ని తెలియజేయవచ్చు, నేర్చుకుంటే సరిదిద్దనూ వచ్చు. ఎంపీఎల్‌కైరో అనే అనుబంధం జోడిస్తే వత్తులు సరిగా కట్టుకుంటాయి. పేర్లు ఒకదానిమీద ఒకటి పడుతుంటే వాటిని వాల్చకండి. కమ్మీలనే అడ్డంగా గీయండి. అక్షరాల కింద వత్తులకు చోటు వదలండి. అక్షం పక్కన ‘వర్షపాతం, సెంటీమీటర్లలో’ అని రాయండి.

తరువాత ఆ గ్రాఫును ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. మీరు నోరు విప్పకుండానే, ఏ ఊళ్లో ఎంత వాన పడిందో వారు చెప్పగలిగారా? అప్పుడే మీ గ్రాఫు పూర్తయినట్టు.