బర్రెల కన్నా ముందు గడ్డి

శుక్రవారం వస్తే మస్కట్‌లో మా రూములో ఒకటే ముచ్చట. ఇంకో రెండేళ్లు చేసి ఊరికి పోదాం, నాలుగు బర్రెలు కొనుక్కుని బతుకుదాం అని. ఆలోచన మంచిదే. కానీ మనం పైసలు పంపేది బర్రెలకు, షెడ్డుకు. మేత సంగతి ఆఖరున గుర్తొస్తుంది.

మా రూమ్మేట్ ఒకాయన అట్లాగే చేశాడు. చిట్టీ ఎత్తి ఆరు బర్రెలు కొన్నాడు. అవి ఇంటికొచ్చాక నేపియర్ గడ్డి నాటించాడు, అదీ పది గుంటల్లోనే. మొదటి కోతకు 75 రోజులు పట్టింది. అప్పటిదాకా వరిగడ్డి, దాణా కొనడానికే పాల డబ్బులన్నీ పోయాయి. ఐదో నెలలో బర్రెలను సగం ధరకు అమ్మి మళ్లీ విమానమెక్కాడు. ఇప్పుడు మా పక్క మంచమే ఆయనది.

నేపియర్ ఆఫ్రికా నుంచి వచ్చిన గడ్డి. ఏనుగు గడ్డి అని కూడా అంటారు. దాన్ని సజ్జతో సంకరం చేస్తే వచ్చిందే హైబ్రిడ్ నేపియర్. దానికి మొలిచే విత్తనం రాదు, కణుపులు, పిలకలే నాటాలి. ఎవరైనా హైబ్రిడ్ నేపియర్ విత్తనాలంటూ ప్యాకెట్ అమ్మితే కొనకండి. పక్క ఊరి పాడి రైతును అడిగితే కణుపులు దొరుకుతాయి.

సైట్‌లో సిమెంటు లెక్క కట్టినట్టే మేతకూ లెక్క కడదాం. పాలిచ్చే బర్రెకు రోజుకు సుమారు 30 కిలోల పచ్చిగడ్డి కావాలి. ఐదింటికి 150 కిలోలు, అంటే ఏడాదికి దాదాపు 55 టన్నులు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కో-4 రకం హెక్టారుకు ఏటా 400 టన్నుల దాకా ఇస్తుందంటారు. అంటే ఎకరానికి 160 టన్నులు. మన చేలో అందులో సగమే వచ్చినా ఎకరం గడ్డి ఐదు బర్రెలకు సరిపోతుంది. అయితే పది రోజులకోసారి తడి పెట్టాలి. ఎండాకాలంలో బోరు ఆగితే ఈ లెక్కంతా తప్పుతుంది. గడ్డి ఒక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు, అలసంద, లూసర్న్ లాంటివీ కలపాలి.

ఇంకో మాట. రోజూ 150 కిలోలు కోసి మోసేదెవరు? మనం ఇక్కడున్నన్నాళ్లు మన అమ్మ, మన ఇల్లాలే. వాళ్లనడగకుండా ఫోన్‌లో బర్రెల బేరం తెంపడం న్యాయం కాదు.

పునాది లేకుండా స్లాబ్ పోయం కదా! మొదట పంపే పైసలు బోరుకు, గడ్డికి, గడ్డి నరికే మెషిన్‌కు పంపుదాం. మూడు నెలలకు మొదటి కోత చేతికొచ్చాక బర్రెలు కొందాం. రెండు కొని చూసి, తర్వాత ఐదు చేద్దాం. అప్పుడు ఊరికి పోయినవాళ్లం మళ్లీ వీసా కోసం తిరగాల్సిన పని తప్పుతుంది.