వడ్డించేవాడే విస్తరి ముందు కూర్చుంటే...

ఊళ్లో కొత్తగా సిమెంటు రోడ్డు వేశారనుకోండి. రెండు వానలు పడేసరికి కంకర తేలింది. జనం ఎవరిని నిలదీయాలి? సర్పంచిని. కాని పని చేసింది సర్పంచి బావమరిది. ఇసుక తోలింది సర్పంచి ట్రాక్టరు. చెక్కు మీద సంతకం సర్పంచిది. ఇక మొర ఎవరితో చెప్పుకోవాలి? ఇది ఏ ఒక్క ఊరి సంగతీ కాదు. ఏ రచ్చబండ దగ్గర కాసేపు కూర్చున్నా ఇటువంటి మాట చెవిన పడుతూనే ఉంటుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవా లేదంటారు పెద్దలు. వడ్డించేవాడే విస్తరి ముందు కూర్చుంటే మిగిలిన బంతి గతి ఏమిటి?

చట్టం ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. పంచాయతీ కాంట్రాక్టులో గాని, పంచాయతీ పనిలో గాని స్వప్రయోజనం ఉన్న వ్యక్తి సభ్యుడుగా ఉండటానికి అనర్హుడని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. 2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమూ ఆ నియమాన్ని విడిచిపెట్టలేదు. అయితే కాగితం మీద పేరు మారిస్తే చాలు, నియమం పక్కకు తప్పుకుంటోంది. పని తమ్ముడి పేర ఉంటుంది, లేదా జీతగాడి పేర ఉంటుంది. కాగితం పేరునే చూస్తుంది. ఒకే పొయ్యి మీద వంట వండుకునే వాళ్లెవరో ఊరికి తెలుసు. మహిళలకు రిజర్వు అయిన చోట్ల ఈ చిక్కు మరో రూపం దాలుస్తోంది. సంతకం భార్యది, పెత్తనం భర్తది, పనులు కూడా భర్తవే. ఎన్నికైన మహిళ మీద బాధ్యత, ఎన్నిక కాని మగవాడికి లాభం. ఇంతకంటె విడ్డూరం ఉండబోదు.

ఈ జాడ్యం రోడ్ల దగ్గర ఆగిపోలేదు. పంచాయతీ దుకాణం గదులు వేలం వేస్తారు. ఆ సంగతి ముందుగా తెలిసేది ఎవరికి? మంచినీటి పైపు ఏ వీధికి మొదట వెళ్లాలో తేల్చేవారి ఇల్లు ఆ వీధిలోనే ఉంటే? లేఅవుట్ వేసినప్పుడు అందులో పదోవంతు స్థలం ప్రజల అవసరాలకు పంచాయతీకి వదలాలి. రేపు అక్కడే పిల్లల ఆటస్థలమో, అంగన్‌వాడీయో రావాలి. కాని ప్లాట్ల వ్యాపారమే చేసే సభ్యుడు ఆ స్థలాన్ని కొలిపించి పంచాయతీ పేర రాయిస్తాడని నమ్మడం ఎట్లా?

నాణేనికి రెండో వైపు కూడా చూడక తప్పదు. చిన్న పల్లెలో అందరూ అందరికీ చుట్టాలే. చిన్న పనికి బయటి కాంట్రాక్టరు రాడు. ఊళ్లో ట్రాక్టరు ఉన్నవాడు సర్పంచి ఒక్కడే కావచ్చు. దానికి తోడు బిల్లులు నెలల తరబడి అందవు. తెలంగాణలో 2019లో ఎన్నికైన సర్పంచులు అప్పులు తెచ్చి పనులు పూర్తి చేశారు. 2024 ఆరంభంలో పదవీకాలం ముగిసిన తర్వాత కూడా రావలసిన సొమ్ము కోసం ఆందోళనలు చేశారు. సొంత డబ్బు పెట్టి పని చేయించమని సర్పంచిని ఒత్తిడి చేయడమంటే అతన్ని కాంట్రాక్టరు పీట మీద కూర్చోబెట్టడమే. అటు తర్వాత అతడు నాణ్యత చూడటం లేదని నిందిస్తే ప్రయోజనం ఏముంది? పెట్టుబడి తిరిగి రాబట్టుకోవాలన్న ఆత్రంలో సిమెంటు తగ్గుతుంది. ఈ పాపంలో ప్రభుత్వానికీ వాటా ఉంది. బిల్లులు సకాలంలో చెల్లించడం ప్రభుత్వం చేయవలసిన మొదటి పని.

ఇక ఊరు చేసుకోగల పనులు ఉన్నాయి. వీటికి కొత్త చట్టం అక్కరలేదు. పదవి స్వీకరించిన మొదటి సమావేశంలోనే సర్పంచి, సభ్యులు తమకూ తమ ఇంటివారికీ ఉన్న వ్యాపారాలు, వాహనాలు, దుకాణాలు, ప్లాట్లు చెప్పి తీర్మానాల పుస్తకంలో రాయించాలి. తమకు లాభనష్టాలున్న అంశం చర్చకు వచ్చినప్పుడు లేచి బయటికి నడవాలి. సర్పంచి లేచిన రోజున ఉప సర్పంచి అధ్యక్షత వహించవచ్చు. పని ఎవరిది, అంచనా ఎంత, కొలతలెంత అన్నది పని జరిగిన చోటనే బోర్డు మీద రాయాలి. కొలతల పుస్తకాన్ని గ్రామసభలో బిగ్గరగా చదివించాలి. చుట్టరికం నేరం కాదు. దాన్ని దాచిపెట్టడమే నేరానికి తొలిమెట్టు.

బహిరంగంగా చదివితే ఏమవుతుందో మనకు అనుభవమే. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. పల్లె జనం ఎదుట మస్టర్లు చదివి వినిపించినప్పుడు, పార పట్టనివారి పేర కూలి రాసిన సంగతులు బయటపడ్డాయి. ఫైళ్లలో దొరకని తప్పును చెట్టు కింద కూర్చున్న కూలీలు పట్టుకోగలిగారు.

అడిగే హక్కు కూడా చేతిలోనే ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యాలయంలో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాస్తే తీర్మానాలు, బిల్లుల నకళ్లు అడగవచ్చు. అక్కడ న్యాయం దొరకకపోతే జిల్లా పంచాయతీ అధికారి, కలెక్టరు ఉన్నారు.

1959లో మన షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీ సమితిని ప్రారంభించినప్పుడు, పల్లె తన పనిని తానే చక్కబెట్టుకుంటుందన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నిలవాలంటే ఓటర్లు కూడా తమను తాము ప్రశ్నించుకోవాలి. ఎన్నికల ముందు నోటు పుచ్చుకున్న చేయి, ఎన్నికల తర్వాత లెక్క అడగడానికి పైకి లేవదు. వచ్చే గ్రామసభకు పని మానుకునైనా పదిమంది వెళ్లండి. వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: ఈ పని ఎవరు చేశారు, వారు మీకు ఏమవుతారు? నిజాయితీ గల సర్పంచి ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.